పత్తి వంగడముల వంశ పరీక్ష

తొలకరి వానలు పడుటకు ముందే గ్రామములలో విత్తన విచారము మొదలగును. నిరుడు ఎవరి చేను బాగుగా పండినది, ఈ ఏడు ఏ విత్తనము కొనవలెను అను మాటలే రచ్చబండ కడ వినవచ్చును. ఇటీవలి సంవత్సరములలో ఒక్క తెలంగాణ రాష్ట్రముననే 40 లక్షల ఎకరములకు మించిన భూమిలో పత్తి సాగగుచున్నది. దుకాణమునకు పోయిన రైతునకు పదుల కొలది పేర్లుగల పొట్లములు కనబడును. తెలివిగల రైతు ఒకే పేరును నమ్మక, రెండు మూడు పేర్ల పొట్లములు కొని, ఒకటి దెబ్బతిన్నను మరియొకటి నిలుచునను ధైర్యముతో విత్తును.

ఈ ధైర్యము ఎంతవరకు నిలుకడగలది? పొట్లము మీది పేర్లు వేరైనంత మాత్రమున లోపలి విత్తనములు కూడ వేరగునా? వేరైనచో ఎంత వేరు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగల శాస్త్రము నేడు కలదు. దానినే డి.ఎన్.ఏ. గుర్తుల పరీక్ష యందురు. ఆ పరీక్ష జరుగు చోట్లు మనకు దూరమున లేవు. సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరములు దేశమునందలి విత్తన వ్యాపారమునకు ముఖ్య కేంద్రములు. అనేక విత్తన సంస్థల కార్యాలయములు సికింద్రాబాదులోను, ప్రయోగశాలలు మేడ్చల్ దారిలోను, ఇతర శివారులలోను ఉన్నవి. సికింద్రాబాదునకు చేరువనే హబ్సీగూడలో సి.సి.ఎం.బి. అని పిలువబడు కణ, అణు జీవశాస్త్ర కేంద్రము 1977లో నెలకొన్నది. మనుష్యులను డి.ఎన్.ఏ. ముద్రలనుబట్టి గుర్తించు పద్ధతిని మన దేశమున వృద్ధిచేసిన డాక్టరు లాల్జీ సింగు అచ్చటి శాస్త్రజ్ఞుడే. రాజేంద్రనగరములో వ్యవసాయ విశ్వవిద్యాలయమును, జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థవారి ప్రాంతీయ కేంద్రమును గలవు. కావున ఈ విషయమును గూర్చి పంచాయతి సభ్యులు కొంత తెలిసికొనుట మేలు.

సాగులోనున్న నాలుగు జాతులు

ప్రపంచమున పత్తి జాతులు సుమారు 50 గలవు. వానిలో మనుష్యుడు సాగుచేయునవి నాలుగు మాత్రమే. మొదటి రెండును మన పాత ప్రపంచమునకు చెందినవి: ఆర్బోరియం, హెర్బేషియం. వీనినే నాటు పత్తి లేక దేశవాళీ పత్తి యందుము. తక్కిన రెండును అమెరికా ఖండమునకు చెందినవి: హిర్సూటం, బార్బడెన్సు. నేడు మన చేలలో విరివిగా కనబడునది హిర్సూటం. దీనినే అమెరికా పత్తి యని వాడుక. బార్బడెన్సు మిక్కిలి పొడవైన, సన్నని పింజ నిచ్చును.

నాటు పత్తికిని అమెరికా పత్తికిని గల భేదము ఆకులలోను, కాయలలోను మాత్రమే లేదు. ప్రతి జీవకణమునందును క్రోమోసోములను సన్నని పోగులుండును. తల్లిదండ్రుల గుణములను బిడ్డలకు చేర్చు జన్యువులు వీనియందే అమరియుండును. నాటు పత్తి కణములో 26 క్రోమోసోములును, అమెరికా పత్తి కణములో 52 క్రోమోసోములును ఉన్నవి. పది, ఇరువది లక్షల సంవత్సరముల క్రిందట పాత ప్రపంచపు పత్తికి బంధువైన ఒక జాతియు, అమెరికాలోని ఒక అడవి జాతియు కలియుటచే ఈ 52 క్రోమోసోముల పత్తి పుట్టినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఈ లెక్క భేదము వలననే నాటు పత్తియు అమెరికా పత్తియు ప్రక్క ప్రక్కల నున్నను వానియంతట అవి కలిసి పనికివచ్చు సంతానము నీయవు. నాటు విత్తనము కాపాడదలచిన వారికి ఇదియొక ఉపకారము. దానిని గూర్చి ముందు చెప్పుకొందము.

వైవిధ్యము తగ్గిన విధము

మన తాతల కాలమున ఊరికొక పత్తి యుండెడిది. ఆదిలాబాదు నల్లరేగడిలో గావొరాణి, కర్నూలు, బళ్ళారి సీమలో ముంగారి, శ్రీకాకుళము ప్రాంతమున కొండపత్తి, పునాసపత్తి పండెడివి. కాకినాడ రేవు పేరిట ఒక రకపు దూది విదేశములకు పోయెడిది. శ్రీకాకుళము జిల్లా పొందూరులో నేటికిని పొట్టిపింజ నాటు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేతితో సన్నని నూలు వడకుచున్నారు. ఆ నేతకు ఆధారము ఆ విత్తనమే. విత్తనము పోయినచో ఆ పనితనమునకు పనిముట్టుండియు పని లేకపోవును.

స్వాతంత్ర్యము వచ్చిన 1947 నాటికి మన దేశపు పత్తి భూమిలో నూటికి సుమారు 97 పాళ్లు నాటు పత్తియే యుండెను. మిల్లులకు పొడవు పింజ కావలసివచ్చుటచే అమెరికా పత్తిని వ్యాపింపజేయుటకు గట్టి ప్రయత్నము జరిగినది. నంద్యాలలో 1906లోను, గుంటూరు చెంత లాంలో 1922లోను ఏర్పడిన పరిశోధనా క్షేత్రములు తెలుగు సీమలకు తగిన వంగడములను రూపొందించినవి. అఖిల భారత సమన్వయ పత్తి పరిశోధనా పథకము 1967లో ప్రారంభమైనది. 1970లో సూరతు క్షేత్రమున డాక్టరు సి. టి. పటేలు హెచ్-4 అను సంకర పత్తిని వెలువరించిరి. వ్యాపార సాగునకు వచ్చిన సంకర పత్తులలో ప్రపంచమున ఇదియే మొదటిది. 1972లో ధార్వాడమునుండి వరలక్ష్మి వచ్చినది. ఇది హిర్సూటం, బార్బడెన్సు జాతుల కలయిక.

2002 మార్చిలో బి.టి. పత్తికి కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చినది. నేలలోని ఒక సూక్ష్మజీవి జన్యువును చేర్చుటచే ఈ పత్తి తనలోనే కాయతొలుచు పురుగునకు విషమును తయారుచేసికొనును. పదేండ్లలో వెయ్యికి పైగా బి.టి. సంకరములు అనుమతి పొందినవి. నేడు దేశపు పత్తి భూమిలో నూటికి 90 పాళ్లకు మించి ఇవియే గలవు. నాటు పత్తి మూలలకు చేరినది.

ఈ మార్పువలన లాభము లేదనుట సరికాదు. దిగుబడి పెరిగినది, పింజ పొడవైనది, తొలి సంవత్సరములలో మందుల ఖర్చు తగ్గినది. కాని వెయ్యి పేర్లు వచ్చినంత మాత్రమున వెయ్యి వంశములు వచ్చినట్లు కాదు. పరిశోధకులును, సంస్థలును బాగుగా పండిన కొద్దిపాటి వంగడములనే మరల మరల తల్లిదండ్రులుగా వాడుకొనుచు వచ్చిరి. అమెరికా పత్తియే మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములనుండి వచ్చిన కొద్ది రకముల సంతానము. ఒకే ఇంటి బిడ్డలకు వేర్వేరు పేర్లు పెట్టినట్లుగా పేర్లు పెరిగినవి, కుదురు మాత్రము ఇరుకైనది.

ఒకే కుదురు వలన కలుగు ముప్పు

వంశము ఇరుకైనచో వచ్చు నష్టమేమి? మంచి కాలములో ఏమియు లేదు. తెగులు వచ్చిన నాడు తెలియును. 1970లో అమెరికా దేశమున మొక్కజొన్నకు ఆకుమాడు తెగులు సోకినది. అచ్చటి సంకర మొక్కజొన్నలలో అత్యధిక భాగమునకు ఒకే రకపు తల్లి ఆధారమై యుండెను. ఆ తల్లినుండి వచ్చిన బలహీనత అన్నిటికిని సంక్రమించియుండెను. పేర్లు అనేకములైనను తెగులు అన్నిటిని ఒకే తీరున పట్టుకొని, ఆ ఏటి పంటలో నూటికి సుమారు 15 పాళ్లు నాశనము చేసినది.

పత్తికిని ఇట్టి అనుభవము కలదు. పాకిస్తానునందలి ముల్తాను ప్రాంతమున 1990 తరువాత ఆకుముడుత వైరసు ప్రబలినది. ఎస్-12 అను మంచి దిగుబడి గల వంగడము అచ్చట విస్తారముగా సాగులో నుండుటయు, అది ఆ తెగులునకు మిక్కిలి లోబడునదగుటయు నష్టమును పెంచినవి. 1993లో ఆ తెగులు మన దేశపు రాజస్థానములోని శ్రీగంగానగరమున కనబడినది. గమనింపదగిన సంగతి యేమనగా, ఆర్బోరియం నాటు పత్తికి ఆ వైరసు సోకదు. అక్కరకు రాదని మూలకు నెట్టిన విత్తనమే అక్కడ నిలబడినది.

మన చేలలోని గులాబిరంగు కాయతొలుచు పురుగు సంగతి ఇంతకు మించి బోధించును. మొదటి బి.టి. జన్యువునకు ఈ పురుగు లొంగుట లేదని 2010లో గుజరాతునుండి వెల్లడియైనది. తరువాత రెండు జన్యువుల బి.టి. పత్తికిని అది అలవాటుపడి, తెలుగు రాష్ట్రములలో సయితము కాయలను తొలిచినది. రైతు నాలుగు పేర్ల పత్తి వేసినను, నాలుగింటను ఉన్న రక్షణ ఒకటే యగుటచే, ఒకటి ఓడిన నాడు నాలుగును ఓడినవి.

కంటికి కనబడు గుర్తులు, కనబడనివి

వంగడములు వేరా, ఒకటా అని తేల్చుటకు పూర్వము కంటితో చూచెడివారు. ఆకు ఆకారము, పూరేకు రంగు, కాయ మొన, కాండము మీది నూగు, పింజ పొడవు మున్నగునవి గుర్తులు. నేటికిని వంగడములను చట్టరీత్యా నమోదు చేయునపుడు వీనిని తప్పక చూతురు. కాని వీనికి రెండు లోపములు గలవు. మొదటిది, నేల, నీరు, ఎరువులనుబట్టి ఇవి మారుచుండును. ఒకే విత్తనము చలక నేలలో ఒక తీరుగను, రేగడిలో మరియొక తీరుగను కనబడవచ్చును. రెండవది, పూత, కాపు వచ్చువరకు వేచియుండవలెను. అప్పటికి రైతు ఖర్చంతయు పెట్టియుండును.

డి.ఎన్.ఏ. గుర్తులకు ఈ లోపములు లేవు. డి.ఎన్.ఏ. అనునది క్రోమోసోములలోని పొడవైన దారము. 1953లో వాట్సను, క్రిక్కు అను శాస్త్రజ్ఞులు దీని నిర్మాణమును తెలిపిరి. ఏ, టి, జి, సి అను నాలుగక్షరములతో వ్రాసిన గ్రంథమువంటిది ఈ దారము. అమెరికా పత్తి గ్రంథములో సుమారు 250 కోట్ల అక్షర జతలు గలవు. మొలకయందైనను, ముదురు చెట్టునందైనను, చలకలోనైనను, రేగడిలోనైనను ఒక మొక్కలోని ఈ వ్రాత మారదు.

ఇంత గ్రంథమును మొదటినుండి తుదివరకు చదువనక్కరలేదు. ఈ దారములో అక్కడక్కడ ఒకే అక్షరముల జంట వెంటవెంటనే అనేక పర్యాయములు వచ్చును. నేత చీర అంచులో ఒకే పువ్వును వరుసగా నేసినట్లుండును. ఒక వంగడములో ఆ చోట 12 పువ్వులున్నచో, మరియొక దానిలో 16 ఉండవచ్చును. చీరనంతయు విప్పకుండ ఆ అంచు ముక్క పొడవును కొలిచినచో, నేసినవారు ఒక్కరా వేర్వేరా అని చెప్పవచ్చును గదా! ఈ పునరుక్త భాగములనే నేడు పత్తియందు గుర్తులుగా ఎక్కువగా వాడుదురు. ఇటీవల ఒక్క అక్షరపు భేదమును సయితము పట్టుకొను పద్ధతులు వచ్చినవి.

పరీక్ష జరుగు విధము

పరీక్షకు లేత ఆకు ముక్క గాని, విత్తనము గాని చాలును. దానిని మిక్కిలి చల్లని ద్రవములో గడ్డకట్టించి మెత్తగా నూరుదురు. కొన్ని రసాయనములతో కలిపి జిడ్డును, మాంసకృత్తులను తొలగింతురు. తుదకు సారాయము చేర్చగా తెల్లని దారపు పోగులవలె డి.ఎన్.ఏ. వేరుపడును. పత్తి ఆకులో వగరు, జిగురు పదార్థములు హెచ్చు. అందువలన ఈ మెట్టున మిక్కిలి శ్రద్ధ వహింపవలెను.

ఇక కావలసిన అంచు ముక్కను మాత్రము వెదకి, దానికి నకళ్లు తీయవలెను. ఈ నకళ్లు తీయు పద్ధతిని 1983లో కారీ ముల్లిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొని, 1993లో నోబెలు బహుమానము పొందెను. వేడిచేయుట, చల్లార్చుట అను ఒక్కొక్క ఆవృత్తిలో నకళ్లు రెట్టింపగును. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదియై 30 ఆవృత్తులు ముగియునప్పటికి ఒక్క ముక్కకు నూరు కోట్లకు మించిన నకళ్లు కాగలవు.

ఈ ముక్కలను జిగురు పలకపై ఒక చివర నుంచి విద్యుత్తును పంపుదురు. జాతర గుంపులోనుండి చిన్న పిల్లలు సందు చేసికొని ముందుకు దూరిపోవునట్లు, పొట్టి ముక్కలు వేగముగను, పొడవు ముక్కలు మెల్లగను సాగును. ఒక రంగు పదార్థము కలిపి ప్రత్యేక కాంతిలో చూచినచో ముక్కలు ఆగిన చోట్ల మెరయు గీతలు కనబడును. పొడవు సమానమైనచో గీతలు సమానమైన ఎత్తున నిలుచును.

లెక్క కట్టు విధము

ఈ గీతలనుబట్టి చుట్టరికమును లెక్క కట్టుట అంత కఠినము కాదు. ఉదాహరణకు రెండు వంగడములను పరీక్షించినామనుకొందము. ఒక్కొక్క దానిలో 20 గీతలు కనబడినవి. అందు 18 గీతలు రెండింటను సమానముగా నున్నవి. రెండింటను కలిపి చూచినచో వేర్వేరు గీతలు 22 మాత్రమే. 18ని 22 చేత భాగింపగా 0.82 వచ్చును. అనగా నూటికి 82 పాళ్ల పోలిక. ఇవి దాదాపు అన్నదమ్ములు. మరి రెండు వంగడములలో ఒక్కొక్కదానికి 20 గీతలుండి, ఆరు మాత్రమే సమానమైనచో, మొత్తము వేర్వేరు గీతలు 34. ఆరును 34 చేత భాగింపగా 0.18 వచ్చును. ఇవి దూరపు బంధువులు.

ఇట్లు అన్ని వంగడములను జతలు జతలుగా పోల్చి, దగ్గర వానిని ఒక కొమ్మమీదను, దూరపు వానిని వేరు కొమ్మలమీదను చేర్చి వంశవృక్షమును గీయుదురు. గుర్తులెన్ని ఎక్కువైన వృక్షమంత నమ్మదగినది. నాలుగైదు గుర్తులతో చెప్పిన తీర్పు, ముఖము చూడక చెప్పు గొంతు చూచి చేసిన పెండ్లి సంబంధమువంటిది. అందువలన కొన్ని క్రోమోసోములతో ఆగక, పత్తి క్రోమోసోములన్నిటినుండియు గుర్తులను ఏరుకొందురు.

ఇట్టి పరీక్షలు అనేక పర్యాయములు చూపిన సంగతులు మూడు. నాటు పత్తులును, 52 క్రోమోసోముల పత్తులును వృక్షమున వేర్వేరు పెద్ద కొమ్మలపై స్పష్టముగా నిలుచును. హిర్సూటం, బార్బడెన్సులు గూడ విడివిడిగా నిలుచును. కాని సాగులోని హిర్సూటం వంగడములు తమలో తాము మిక్కిలి దగ్గరగా గుంపుకట్టును. అనగా మన చేలలో ఎక్కువగానున్న జాతియందే వైవిధ్యము ఇరుకుగా నున్నది. కొత్త సంకరము చేయదలచిన శాస్త్రజ్ఞునకు ఇది దారిచూపు దీపము. దూరపు కొమ్మలనుండి తల్లిదండ్రులను ఎన్నుకొన్న యెడల కొత్త గుణములు దొరకు నవకాశము హెచ్చు.

సంకర విత్తనపు స్వచ్ఛత

ఈ పరీక్షవలన రైతునకు వెంటనే కలుగు ఉపయోగము మరియొకటి కలదు. జోగులాంబ గద్వాల జిల్లాలో సీడుపత్తి పండించు కుటుంబములు అనేకము గలవు. సాయంకాలము తల్లి మొక్క మొగ్గలలోని కేసరములను చేతితో తీసివేసి, మరునాటి ఉదయము తండ్రి మొక్క పుప్పొడిని అద్దుదురు. ఒక మొగ్గలో కేసరములు మిగిలినను, ఆ పూవు తనంత తానే ఫలించి తల్లి విత్తనమే యగును గాని సంకరము కాదు. ఆ గింజనుండి వచ్చు మొక్కలను బెరుకులందుము.

ఒక గుర్తు కడ తల్లికి 12 పునరుక్తులు, తండ్రికి 16 పునరుక్తులు ఉన్నవనుకొందము. నిజమైన సంకరములో తల్లి గీతయు, తండ్రి గీతయు రెండును కనబడును. బెరుకులో తల్లి గీత ఒక్కటియే కనబడును. నూరు గింజలు పరీక్షింపగా 93 గింజలలో జంట గీతలు, ఏడింటిలో ఒంటి గీత కనబడినచో స్వచ్ఛత నూటికి 93. సంకర పత్తి విత్తనమునకు ధ్రువీకరణ ప్రమాణము నూటికి 90 పాళ్లు. దీనినే చేనులో పెంచి చూచు పద్ధతిలో ఒక పంటకాలము పట్టును. ప్రయోగశాలలో కొద్ది దినములు చాలును.

నకిలీ పొట్లములలో కొన్ని పర్యాయములు సంకరపు చేనినుండి తీసిన గింజనే మరల నింపుదురు. దానికిని ఈ పరీక్ష సాక్ష్యము చెప్పును. అట్టి గింజలు నూటిలో సుమారు 50 జంట గీతలతోను, 25 తల్లి గీతతోను, 25 తండ్రి గీతతోను కనబడును. ఈ నిష్పత్తి కనబడినచో అది రెండవ తరపు గింజ యని తెలిసికొనవచ్చును. చేలో ఆ మొక్కలు ఒకటి పొడవు, ఒకటి పొట్టిగాను, కాపు ముందు వెనుకలుగాను ఉండును.

ఇచ్చట ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. ఆకు రసములో కాగితపు పట్టీని ముంచి చూచు బి.టి. పరీక్ష, ఆ జన్యువు తయారుచేయు విషపదార్థము కలదా లేదా యని మాత్రము చెప్పును. విత్తనము ఏ వంగడమో, స్వచ్ఛత ఎంతో చెప్పదు. పట్టీ మీద గీత వచ్చినది గనుక పొట్లము మీది పేరు నిజమని నమ్మరాదు.

ఈ పరీక్ష చెప్పలేనివి

పంచాయతి సభ్యులు తగవులు తీర్చువారు గనుక ఈ పరీక్ష హద్దులను గూడ ఎరిగియుండవలెను. డి.ఎన్.ఏ. గుర్తు దిగుబడిని చెప్పదు. గుర్తులన్నియు సమానమైన రెండు వంగడములలో ఒక్క ముఖ్యమైన జన్యువు మాత్రము వేరై, ఒకటి తెగులునకు లొంగి మరియొకటి నిలుచుట కలదు. పంట పోయిన ప్రతి పర్యాయము తప్పు విత్తనముదే కాదు. విత్తిన తరువాత వాన ముఖము చాటుచేయుట, తేలిక నేలలో పొడవు కాలపు సంకరమును వేయుట, పూత దశలో నీరు నిలుచుట మున్నగు కారణములు గలవు. విత్తనము నిజమైనదే యని తేలినచో ఆ సంగతిని గూడ రైతునకు నచ్చజెప్పి, కారణమును వేరుచోట వెదకవలెను. అప్పుడే మరుసటి ఏటికి మేలు.

పంచాయతి చేయదగిన పనులు

మొదటిది, విత్తనపు సాక్ష్యమును నిలుపుట. పొట్లము చింపునపుడు దాని చీటీని, లాటు సంఖ్యను, దుకాణపు రసీదును భద్రపరచుమని విత్తనకాలమునకు ముందే గ్రామసభలో చెప్పవలెను. వీలైనచో ఒక పిడికెడు గింజలను కాగితపు సంచిలో పెట్టి, తేదీ, లాటు సంఖ్య వ్రాసి, పొడి డబ్బాలో దాచవలెను. విత్తనమునకు విషపు మందు పూసియుందురు గనుక పిల్లలకు, పశువులకు అందకుండ నుంచవలెను. మొలక శక్తి పోయిన గింజలోకూడ డి.ఎన్.ఏ. చాల కాలము నిలుచును.

రెండవది, ఫిర్యాదు. మొక్కలు తేడాగా కనబడినపుడు చేనును దున్నివేయకముందే మండల వ్యవసాయాధికారికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను. 1966 నాటి విత్తనముల చట్టము ప్రకారము విత్తన తనిఖీ అధికారి నమూనాను మూడు భాగములు చేయవలెను. ఒకటి అమ్మినవారికి, ఒకటి పరీక్షాశాలకు, మూడవది న్యాయస్థానము కొరకు తన వద్ద. 2012లో సుప్రీంకోర్టు, జాతీయ విత్తన సంస్థకును ఆంధ్రప్రదేశ్ రైతులకును మధ్య నడచిన వ్యాజ్యములో, నాసి విత్తనమువలన నష్టపోయిన రైతు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చునని తీర్పు చెప్పినది. విత్తనమంతయు విత్తివేసిన రైతు పరీక్షకై గింజలు దాచియుంచలేదని అతని గోడును త్రోసివేయరాదని గూడ ఆ తీర్పు సారాంశము. అయినను పిడికెడు గింజలు దాచుటవలన బలము చేకూరును.

మూడవది, నాటు విత్తనమును లెక్కకు తెచ్చుట. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను జీవవైవిధ్య నిర్వహణ సంఘము ఏర్పడవలెను. ఆ సంఘము ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరచవలెను. అనేక చోట్ల ఆ రిజిస్టరు బీరువాలో నున్నది. దానిని వెలికితీసి, మన ఊరిలో ఎవరి పెరటిలోనైనను, ఏ కొండ చరియలోనైనను పాత పత్తి మొక్క కలదేమో విచారించి వ్రాయవలెను. ఇందుకు ముసలివారిని, ముఖ్యముగా స్త్రీలను అడుగవలెను. గుడి దీపమునకు వత్తులు చేసికొనుటకు పెరటిలో రెండు చెట్లు పెంచు ఇల్లాలే కొన్ని యూళ్లలో మిగిలిన విత్తన భాండారము.

దొరకిన విత్తనమును కాపాడుటయు సులభమే. పూయబోవు మొగ్గను ముందటి సాయంకాలము దారముతో కట్టినచో పరాయి పుప్పొడి చేరక, ఆ పూవు తనంత తానే ఫలించును. ఆ కాయలను వేరుగా ఏరి గింజ తీయవలెను. చుట్టునున్న అమెరికా పత్తివలన నాటు పత్తికి కల్తీ భయము లేదని పైన చెప్పితిమి. వేరొక నాటు రకము దాపున నున్నప్పుడు మాత్రము జాగ్రత్త వలయును. కొంత విత్తనమును రాజేంద్రనగరములోని జన్యువనరుల కేంద్రమునకు తెలియపరచి ఇచ్చినచో, ఊరిలో పోయినను దేశములో మిగులును. నాగపూరులో 1976లో స్థాపింపబడిన కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ వద్ద పదివేలకు మించిన పత్తి నమూనాలు భద్రముగా నున్నవి. అవన్నియు ఒకప్పుడు ఎవరో ఒక రైతు ఇంటినుండియో, అడవినుండియో వచ్చినవే.

నాల్గవది, హక్కును ఎరుగుట. 2001 నాటి వృక్ష వంగడముల, రైతు హక్కుల రక్షణ చట్టము ననుసరించి రైతు తాను కాపాడిన వంగడమును తన పేరిట నమోదు చేసికొనవచ్చును. పండించిన గింజను దాచుకొనుట, విత్తుట, ఇచ్చిపుచ్చుకొనుట, వ్యాపారపు ముద్ర వేయక అమ్ముకొనుట అతని హక్కులు. నమోదైన వంగడము చెప్పిన ఫలము నీయనిచో పరిహారము కోరు నవకాశమును ఈ చట్టమున కలదు. మన ఊరి పత్తి వేరైనదని రుజువు చేయుటకు కంటి గుర్తులకు తోడు డి.ఎన్.ఏ. గుర్తులు బలమిచ్చును. ఊరి విత్తనమును పరాయివారు తమదనినపుడు, రిజిస్టరులోని వ్రాతయు, పలకమీది గీతయు రెండును సాక్షులై నిలుచును.

నాటు పత్తిని అందరును వేయవలెనని ఈ పాఠము చెప్పుట లేదు. దాని దిగుబడి తక్కువ, కాయ చిన్నది. కాని బెట్టను, రసము పీల్చు పురుగులను అది ఓర్చుకొనును. మంచి పంట పండునది నేటి విత్తనము. నేటి విత్తనము ఓడిన నాడు శాస్త్రజ్ఞుడు వెదకునది పాత విత్తనము. ఇంట బియ్యము నిండుగా నున్నను విత్తనపు గాదెను ఎవరును వండుకొని తినరు. ఆ గాదెకు తాళపుచెవి పంచాయతి చేతిలో నున్నది.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమున నిరుడు ఎన్ని పేర్ల పత్తి విత్తనములు వేసిరి? వానిలో ఎన్నింటి చీటీలు, రసీదులు ఇప్పటికిని ఉన్నవి?

2. మన పంచాయతి జీవవైవిధ్య రిజిస్టరు ఎచ్చట నున్నది? దానిలో పత్తిని గూర్చి ఏమి వ్రాసినారు?

3. పూర్వము మన ఊరిలో పండిన పత్తి పేరేమి? దాని గింజ ఎవరి ఇంటనైనను మిగిలియున్నదా?

4. రాబోవు గ్రామసభలో విత్తన నమూనాలు దాచు బాధ్యతను ఎవరికి అప్పగింపవచ్చును?